బంధుత్వానికి రెండు తూనికలు వద్దు: పోక్సో న్యాయమూర్తులకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లోని పోక్సో (లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టం) ప్రత్యేక న్యాయస్థానాల న్యాయమూర్తులకు,

నమస్కారాలతో.

మీరు రాసే తీర్పుల్లో దోషనిర్ధారణకూ శిక్ష ఖరారుకూ మధ్య ఒక చిన్న పేరా ఉంటుంది. శిక్ష విషయమై ముద్దాయిని ప్రశ్నించగా, తనకు వృద్ధులైన తల్లిదండ్రులున్నారని, కుటుంబానికి తానొక్కడే ఆధారమని, గతంలో ఏ నేరమూ చేయలేదని, దయ చూపవలసిందని వేడుకున్నాడని ఆ పేరా చెబుతుంది. దొంగతనం కేసులోనూ కొట్లాట కేసులోనూ ఇవే మాటలుంటాయి గనుక చదివేవారికి అదొక ఆనవాయితీగా అనిపిస్తుంది, కళ్లు దానిమీద నిలవవు. ముద్దాయి తండ్రీ, బాధితురాలు అతని కన్నకూతురూ అయినప్పుడు మాత్రం ఆ పేరాను ఇంకొకసారి నెమ్మదిగా చదవండి. తాను ఆధారమని అతను చెప్పుకుంటున్న కుటుంబంలో ఆ పిల్ల కూడా ఉంది. ఆ వృద్ధులు ఆమెకు నానమ్మ, తాతయ్య. గతంలో నేరం చేయలేదన్న మాటకు అర్థం, ఆమె నోరు విప్పేవరకూ ఆ ఇంట్లో జరిగింది బయటివారికి తెలియదని మాత్రమే.

నేను న్యాయవాదిని కాను. బాలల సంక్షేమ సమితి అప్పగించిన పిల్లల వెంట పోలీసు స్టేషనుకు, ఆసుపత్రికి, మీ న్యాయస్థానానికి వచ్చి పక్కన కూర్చునే పని నాది. పోక్సో నియమాలు ఆ పని చేసేవారిని సపోర్ట్ పర్సన్ అంటాయి, పిల్లలు అక్కా అంటారు. ఈ లేఖలో ఏ ఒక్క బిడ్డ వివరమూ ఉండదు. ఆ గోప్యత చట్టం కోరేది, నేనూ కోరుకునేది. మీ తీర్పులను తప్పుపట్టే అర్హత నాకుందని కూడా అనుకోవడం లేదు. చెప్పదలచుకున్నది ఒకటే: బంధుత్వాన్ని నేరానికి బరువు పెంచే అంశంగా చట్టం లెక్కగట్టిన తరువాత, శిక్ష ఖరారు చేసే వేళ అదే బంధుత్వం వేరే వేషం వేసుకొని ముద్దాయి తరఫున వకాల్తా పుచ్చుకోకుండా చూడండి.

చట్టం సంగతి మీకు తెలియనిది కాదు. ఇతర పాఠకుల కోసం కొంత చెప్పాలి. వావివరసలు తప్పి ప్రవర్తించడం అనే పేరుతో మన శిక్షాస్మృతిలో ప్రత్యేక నేరం ఎప్పుడూ లేదు. 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టమే, ఐదో సెక్షనులోని ‘ఎన్’ క్లాజులో, రక్తసంబంధం, దత్తత, వివాహం, సంరక్షకత్వం వంటి వాటివల్ల బిడ్డకు బంధువైనవాడు, బిడ్డ తల్లితోనో తండ్రితోనో కలిసి ఉంటున్నవాడు, బిడ్డతో ఒకే ఇంట్లో నివసించేవాడు చేసే అత్యాచారాన్ని తీవ్రతరమైన నేరంగా వేరు చేసింది. ఆరో సెక్షను ప్రకారం దానికి మొదట్లో కనీస శిక్ష 10 ఏళ్లు. 2019 ఆగస్టు 16 నుంచి అది 20 ఏళ్లయింది. ఆపైన బతికినంతకాలం జైలు, ఇంకా పైన మరణశిక్ష. పద్దెనిమిదేళ్లు దాటిన స్త్రీల విషయంలో కూడా పాత శిక్షాస్మృతి 376వ సెక్షనులో ఉండి ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 64వ సెక్షనులోకి వచ్చిన క్లాజు ప్రకారం, బంధువో సంరక్షకుడో చేసిన అత్యాచారానికి 10 ఏళ్లకు తక్కువ శిక్ష వేయడానికి వీల్లేదు. తగిన ప్రత్యేక కారణాలుంటే కనీస శిక్ష కన్నా తగ్గించవచ్చని ఒకప్పుడు ఉన్న వెసులుబాటును పార్లమెంటు 2013లో తీసివేసింది.

కనీస శిక్షను చట్టమే బిగించాక ఇక మా చేతుల్లో ఏముందని మీరు అడగవచ్చు. చాలా ఉంది. 20 ఏళ్లా, బతికినంతకాలమా అన్నది మీరే తేల్చాలి. నేరం ఏ సెక్షను కిందికి వస్తుందన్నది మీరే నిర్ణయించాలి. ఆరో సెక్షను కిందికి వస్తే 20 ఏళ్లు, లైంగిక దాడిగా మాత్రమే పరిగణించి పదో సెక్షను కిందికి వస్తే 5 నుంచి 7 ఏళ్లు. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో చూడండి. అతి పెద్ద కనీస శిక్షను చూసి జంకి చిన్న సెక్షనులోకి దిగిపోయే ప్రమాదం ఊహకందనిది కాదు. పదేళ్ల బాలుడిపై జరిగిన నేరంలో ఒక హైకోర్టు ఆరో సెక్షను బదులు, తీవ్రతరం కాని నేరానికి శిక్ష చెప్పే నాలుగో సెక్షను వర్తిస్తుందని చెప్పి శిక్షను 10 ఏళ్ల నుంచి 7 ఏళ్లకు తగ్గించినప్పుడు, 2023 జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును సరిదిద్ది 10 ఏళ్ల శిక్షను పునరుద్ధరించింది. అది కుటుంబంలో జరిగిన నేరం కాదు, అయినా దారి అదే. రెండు మూడు శిక్షలు పడినప్పుడు అవన్నీ ఏకకాలంలో నడవాలా, ఒకదాని తరువాత ఒకటి నడవాలా అన్నదీ మీ చేతిలోదే. పరిహారం ఎంతన్నదీ మీ చేతిలోదే. ఇన్ని నిర్ణయాలు మీవైనప్పుడు, ఆ చిన్న పేరాలోని మాటలకు మీరు ఎంత విలువ ఇస్తారన్నది చిన్న విషయం కాదు.

వాటిలో మొదటిది, ఎక్కువగా వినిపించేది, సంపాదనాపరుడన్న మాట. ఇది అబద్ధం కాదన్నదే ఇందులోని చిక్కు. తండ్రి జైలుకు వెళితే ఇంటి అద్దె ఆగుతుంది, తమ్ముడి చదువు ఆగుతుంది, తల్లి ఎవరి ముందో చేయి చాచవలసి వస్తుంది. ఆ కష్టాన్ని నేను దగ్గర నుంచి చూస్తాను, తేలిగ్గా తీసిపారేయలేను. అయితే ఆ కష్టానికి మందు శిక్షలో ఉందా, పరిహారంలో ఉందా అన్నదే ప్రశ్న. 2000 సంవత్సరంలో కర్ణాటక నుంచి వచ్చిన ఒక కేసు ఇక్కడ గుర్తు చేసుకోవాలి. చిన్నపిల్లపై అత్యాచారం చేసినవాడికి పడిన పదేళ్ల శిక్షను, అతను బలహీనవర్గాలకు చెందిన నిరక్షరాస్యుడని, తాగుడుకు అలవాటుపడ్డవాడని, వృద్ధురాలైన తల్లి, భార్యాబిడ్డలు అతనిమీద ఆధారపడి ఉన్నారని చెప్పి హైకోర్టు నాలుగేళ్లకు తగ్గించింది. సుప్రీంకోర్టు ఆ కారణాలేవీ శిక్ష తగ్గించడానికి పనికిరావని తోసిపుచ్చి పదేళ్లను నిలబెట్టింది. బయటివాడు చేసిన నేరంలోనే పోషించవలసిన కుటుంబం ఉందన్న మాట చెల్లనప్పుడు, ఆ కుటుంబాన్నే నేరస్థలం చేసినవాడి విషయంలో ఎలా చెల్లుతుంది?

ఈ మాట కోర్టు లోపలే పుట్టదు. ఫిర్యాదు చేసిన రోజు నుంచి ఆ పిల్ల చెవిలో అది మోగుతూనే ఉంటుంది. నీవల్లే మీ నాన్న జైల్లో ఉన్నాడు, నీవల్లే మనం తిండికి లేక చస్తున్నాం, నువ్వొక్కదానివి ఓర్చుకొని ఉంటే ఇంతమంది నడివీధిన పడేవాళ్లం కాదు అని అత్త అంటుంది, నానమ్మ అంటుంది, ఒక్కోసారి కన్నతల్లీ అంటుంది. ఆ నింద మోసిన పిల్ల వినేలా, సంపాదనాపరుడన్న వాదనను న్యాయస్థానం కూడా ఔనన్నట్టు తలూపితే, ఇంటివాళ్లు అన్నదే నిజమని ఆమెకు తీర్పు చెప్పినట్టవుతుంది. మీరు అలా అనుకొని రాయరని నాకు తెలుసు. అటువైపు నుంచి చదివేవారికి అలా వినిపిస్తుందని చెప్పడమే నా ఉద్దేశం.

ఆకలికి జవాబు పరిహారం. ఆ జవాబు చట్టంలో సిద్ధంగా ఉంది. ఆరో సెక్షను కింద వేసే జరిమానా న్యాయంగా, సమంజసంగా ఉండాలని, అది బాధితురాలి వైద్యానికీ పునరావాసానికీ చేరాలని ఆ సెక్షనులోనే రాసి ఉంది. 33వ సెక్షను ఎనిమిదో ఉపసెక్షను శిక్షతో పాటు పరిహారం ఇప్పించే అధికారం మీకు ఇచ్చింది. 2020 పోక్సో నియమాల్లోని తొమ్మిదో నియమం ప్రకారం, విచారణ నడుస్తుండగానే మధ్యంతర పరిహారం ఇప్పించవచ్చు. ఆదేశం అందిన 30 రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వం ఆ డబ్బు చెల్లించాలి. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2018లో రూపొందించిన పథకంలో అత్యాచార బాధితురాలికి 4 లక్షల నుంచి 7 లక్షల రూపాయల వరకు పరిహారం చూపారు, బాధితురాలు మైనరైతే అది మరో సగం పెరుగుతుంది. పోక్సో కోర్టులు దాన్ని మార్గదర్శకంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు అదే ఏడాది చెప్పింది. ఇంత ఉన్నా, ఇంట్లో సంపాదించేవాడే నిందితుడైన కేసులో మధ్యంతర పరిహారం మొదటి వాయిదాల్లోనే అడగాలన్న స్పృహ మాకే, అంటే మాలాంటి సహాయకులకూ ప్రాసిక్యూటర్లకూ, చాలాసార్లు ఉండదు. ఆ తప్పు మాదని ఒప్పుకుంటున్నాను. కానీ అడగకపోయినా మీ అంతట మీరే ఇప్పించే అధికారం నియమంలో మీకు ఉంది. ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంటే తల్లి సాక్ష్యం మార్చవలసిన అగత్యం సగం తగ్గుతుంది.

తొమ్మిదో నియమంలోనే నాకు ఎంతో విలువైనదిగా కనిపించే ఇంకొక సంగతి ఉంది. పరిహారం నిర్ణయించేటప్పుడు న్యాయస్థానం ఏమేమి చూడాలో అక్కడ వరుసగా చెప్పారు. బిడ్డకు కలిగిన శారీరక, మానసిక హాని ఎంత, చదువు ఎంత పోయింది, నేరస్థుడితో బిడ్డకున్న సంబంధం ఏమిటి, ఆ నేరం ఒక్కసారి జరిగిందా, కొంతకాలం పాటు సాగిందా, గర్భం వచ్చిందా, వ్యాధి సోకిందా, వైకల్యం ఏర్పడిందా అన్నవి అందులో ఉన్నాయి. బిడ్డ వైపు నిలబడి నష్టాన్ని కొలవడానికి ఇంతకన్నా స్పష్టమైన కొలబద్ద మన చట్టంలో ఇంకెక్కడా నాకు కనిపించలేదు. దాన్ని డబ్బు లెక్కకు మాత్రమే వాడుతున్నాం. శిక్ష లెక్కకు మాత్రం ముద్దాయి చెప్పుకున్న వృద్ధ తల్లిదండ్రుల పేరా వాడుతున్నాం. ఈ వరుసనే శిక్ష ఖరారు ఉత్తర్వులోనూ ఒక్కొక్కటిగా పరిశీలించి, ఒక్కొక్కదానికి ఒక వాక్యమైనా రాయవలసిందిగా నా విన్నపం. అందుకు కొత్త చట్టం అవసరం లేదు, పైకోర్టు ఆదేశం అవసరం లేదు.

శిక్షలు నిర్ణయించడానికి స్పష్టమైన మార్గదర్శకాలు కావాలని 2003లో మలీమత్ కమిటీ, ఆ తరువాత 2008లో మాధవ మీనన్ కమిటీ సిఫారసు చేశాయి. అవి ఇంతవరకు రాలేదు. ఇంగ్లండులో లైంగిక నేరాలకు శిక్షా మార్గదర్శకాలు 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి. అవన్నీ మనకు సరిపోతాయని అనను. అక్కడి శిక్షల కొలతలు వేరు, జైళ్లు వేరు. ఒక్క అంశం మాత్రం ఏ దేశానికైనా పనికొస్తుంది. సమాజంలో మంచిపేరున్న వ్యక్తి ఆ మంచిపేరునే నేరానికి సాధనంగా వాడుకుంటే, ఆ మంచిపేరు శిక్షను తగ్గించే అంశం కాకపోగా పెంచే అంశం కావచ్చని ఆ మార్గదర్శకాలు చెబుతాయి. ఇంటి పెద్ద అన్న గౌరవమే పిల్ల నోరు నొక్కింది. బడిలో టీచరుకు చెబితే, మీ నాన్న అలాంటివాడు కాదమ్మా అన్న జవాబు ఆ మంచిపేరు వల్లనే వచ్చింది. పదిమంది పెద్దమనుషులు వచ్చి ఇతను మా ఊరికి ఎంతో సేవ చేశాడని చెప్పినప్పుడు, ఆ మాటలు బిడ్డ ఇన్నాళ్లు ఎందుకు నోరు విప్పలేకపోయిందో చెప్పే సాక్ష్యాలుగా కూడా పనికొస్తాయని గమనించండి.

ఇక క్షమాపణ దగ్గరికి వస్తాను. రాయడానికి చాలా కష్టమైన చోటు ఇదే, నా అభిప్రాయం కొంతమేరకు మారుతూ వచ్చిన చోటు కూడా ఇదే. సాక్ష్యమంతా ధైర్యంగా చెప్పిన పిల్ల, దోషనిర్ధారణ జరిగాక ఒక్కసారిగా కుప్పకూలి, మా నాన్నను వదిలేయమని చెప్పండక్కా అనడం నేను విన్నాను. మొదట్లో అది బెదిరింపు ఫలితమనే అనుకునేదాన్ని. చాలాసార్లు అదే నిజం. కానీ అన్నిసార్లూ కాదు. తనను సైకిలు మీద బడికి దింపిన తండ్రీ, రాత్రి తన గదిలోకి వచ్చిన తండ్రీ ఆ పిల్లకు ఒక్క మనిషే. ఒకరిని ద్వేషించి ఇంకొకరిని ప్రేమించే వెసులుబాటు ఆమెకు లేదు. అందువల్ల ఆమె క్షమించిందన్న మాట నిజమే అయినా, అది ఆమె మనసుకు సంబంధించిన నిజం, అతని నేరం బరువుకు సంబంధించినది కాదు. రాజీ కుదిరిందన్న కారణంతో అత్యాచార కేసుల్లో శిక్ష తగ్గించరాదని సుప్రీంకోర్టు 2013 ఆగస్టులో తేల్చి చెప్పింది. 2015లో మధ్యప్రదేశ్ కేసులో మరింత గట్టిగా చెప్పింది. ఆ సూత్రం కుటుంబంలోని నేరానికి మరీ ఎక్కువగా వర్తించాలి, ఎందుకంటే రాజీ కోసం ఒత్తిడి తెచ్చేవారూ, ఒత్తిడికి లోనయ్యేవారూ ఒకే ఇంటివారు.

అలాగని ఆ పిల్ల మాటను వినకుండా పక్కన పెట్టమని అనను. వినండి, వేరుగా, ఇంటివారెవరూ లేనప్పుడు వినండి. ఆమె చెప్పేదానివల్ల జైలు ఏళ్లు తగ్గకూడదు, ఆమె భుజాల మీద ఆ భారం మోపకూడదు. కానీ తండ్రిని ఎప్పుడైనా చూడాలని ఉందా, ఉత్తరం రాస్తే చదువుతావా, ఏ ఇంట్లో ఉండాలని ఉంది, ఎవరి దగ్గర చదువుకోవాలని ఉంది అన్న ప్రశ్నలకు ఆమె జవాబే మొదటి జవాబు కావాలి. ప్రస్తుతం శిక్ష విషయమై ముద్దాయిని విచారించి తీరాలని, నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 258వ సెక్షను చెబుతుంది, బిడ్డను అడగాలని ఏ సెక్షనూ చెప్పదు. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు బాధితులపై నేరం చూపిన ప్రభావాన్ని తెలిపే నివేదికకు శిక్ష నిర్ణయంలో గుర్తింపు ఉండాలని అభిప్రాయపడింది. 2020 నవంబరులో ఢిల్లీ హైకోర్టు పరిహారం నిర్ణయం కోసం అలాంటి నివేదికను అక్కడి న్యాయ సేవాధికార సంస్థ ద్వారా తెప్పించే పద్ధతి పెట్టింది. మన రెండు రాష్ట్రాల్లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలున్నాయి, హింసకు గురైన మహిళలకూ పిల్లలకూ సాయం చేసేందుకు హైదరాబాదులో 2016లో మొదలైన భరోసా కేంద్రం వంటివి ఉన్నాయి. దోషనిర్ధారణ రోజునే శిక్ష కూడా వెలువరించకుండా, వారం పదిరోజులు వాయిదా వేసి అలాంటి నివేదిక తెప్పించుకోవడానికి మీకు అడ్డు ఏమీ లేదు.

క్షమాపణలో ఒక రకం మన తెలుగు ఇళ్లకు బాగా తెలిసినది, అందుకే ప్రత్యేకంగా చెప్పాలి. నేరం చేసినవాడు మేనమామో బావో అయినప్పుడు, వరసైనవాడే కదా, పెళ్లి చేసేస్తే గొడవ వదిలిపోతుంది అంటారు పెద్దలు. 2022 మే నెలలో సుప్రీంకోర్టు ముందుకు తమిళనాడు నుంచి సరిగ్గా ఇలాంటి కేసే వచ్చింది. మేనమామకు పోక్సో కింద పదేళ్ల శిక్ష పడింది. నేరం నాటికి ఆమెకు 14 ఏళ్లని, 15 ఏళ్లకే మొదటి కాన్పు జరిగిందని ప్రభుత్వం వాదించింది. అప్పటికి వారికి పెళ్లయి ఇద్దరు పిల్లలుండటం, ఆ సంసారాన్ని చెదరగొట్టడం ఆమెకే నష్టమనిపించడం, మేనమామను పెళ్లాడే ఆచారం ఉందని చెప్పడం వల్ల న్యాయస్థానం శిక్షను రద్దు చేసింది. దీన్ని ఇతర కేసులకు ప్రమాణంగా తీసుకోరాదని కూడా ఆ ఉత్తర్వులోనే రాసింది. ఆ చివరి మాటను దయచేసి మరచిపోకండి. మేనరికం ఆచారమే కావచ్చు, కానీ 14 ఏళ్ల పిల్ల ముందు ఆ ఆచారాన్ని శిక్ష తప్పించే తలుపుగా తెరిచి ఉంచితే, మేనమామ చేసే నేరానికి పెళ్లే శిక్ష అవుతుంది, ఆ శిక్ష అనుభవించేది ఆమె. ఇష్టపడి ఇల్లు వదిలిన పదిహేడేళ్ల ప్రేమజంటల సంగతి వేరు. వారిని కూడా ఇదే చట్టం, ఇవే ఇరవై ఏళ్ల కాటాతో తూచడం న్యాయంగా లేదని నాకూ అనిపిస్తుంది. కానీ ఆ కేసుల్లో చూపవలసిన జాలిని ఈ కేసుల్లోకి తెచ్చి కలపకూడదు.

కాలం గురించి ఒక మాట. బయటివాడు చేసిన నేరానికి తేదీ ఉంటుంది. ఇంటివాడు చేసే నేరానికి కాలం ఉంటుంది. పిల్లలకు తేదీలు గుర్తుండవు. తమ్ముడు పుట్టిన ఏడు, అమ్మ పుట్టింటికి వెళ్లిన సంక్రాంతి సెలవులు, ఐదో తరగతిలో ఉన్నప్పుడు అని చెబుతారు. అదంతా ఎఫ్ఐఆర్‌లోకి వచ్చేసరికి ఆఖరున జరిగిన ఒక్క ఘటనగా కుదించుకుపోతుంది, అభియోగం ఆ ఘటన మీదే నిలబడుతుంది, శిక్ష కూడా దానికే పడుతుంది. పదేపదే చేసిన నేరాన్ని ఐదో సెక్షనులోని ‘ఎల్’ క్లాజు విడిగా గుర్తించినా ఆ క్లాజు కింద అభియోగం మోపకపోతే ఆరేళ్ల నరకం తీర్పులో ఎక్కడా కనిపించదు. 2019 ఆగస్టుకు ముందు మొదలై ఆ తరువాత కూడా సాగిన నేరాల్లో ఇది మరీ ముఖ్యం. నేరం జరిగిననాటి చట్టంలో ఉన్నదానికన్నా పెద్ద శిక్ష వేయరాదని రాజ్యాంగం 20వ అధికరణం చెబుతుంది గనుక, ఏది ఎప్పుడు జరిగిందన్న దాన్నిబట్టి కనీస శిక్ష 10 ఏళ్లా, 20 ఏళ్లా అన్నది తేలుతుంది. అభియోగాలు ఖరారు చేసే దశలోనే పిల్ల చెప్పిన పండుగలనూ తరగతులనూ కాలంగా తర్జుమా చేసి విడివిడి అభియోగాలుగా నమోదు చేయించండి. ఇద్దరు అక్కచెల్లెళ్లు బాధితులైన కేసుల్లో శిక్షలన్నీ ఏకకాలంలో నడవాలని ఆనవాయితీగా రాసే ముందు, చిన్నపిల్లకు జరిగినదానికి ఒక్క రోజు కూడా అదనంగా పడలేదన్న సంగతి గమనించి, అందుకు కారణం ఒకటి రాయండి.

ఇంతదాకా చదివినవారు నేను కఠినమైన శిక్షల పక్షమని అనుకుంటారేమో. మరణశిక్ష విషయంలో నా అభిప్రాయం పూర్తిగా వేరు. 2013 జనవరిలో నివేదిక ఇచ్చిన జస్టిస్ వర్మ కమిటీ అత్యాచారానికి మరణశిక్ష వద్దని చెప్పింది. 2019లో పార్లమెంటు పోక్సో ఆరో సెక్షనులో దాన్ని చేర్చింది. వీధిలో ఉరి తీయమని కేకలు వేసే జనం కళ్ల ముందు ఉండేది ఎవరో తెలియని కామాంధుడు. జాతీయ నేర రికార్డుల సంస్థ ఏటా ప్రచురించే లెక్కలు చూస్తే 90 శాతానికి పైగా అత్యాచార కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి 2007లో ప్రచురించిన అధ్యయనంలో 53 శాతం పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. అందులో సగం మందిని వేధించినవారు వారికి తెలిసినవారో, వారు నమ్మినవారో. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎక్కువమంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే నాన్నకు జైలు అన్న భయమే ఇంతమంది నోరు నొక్కుతుంటే, చెబితే నాన్నకు ఉరి అన్న భయం ఎంతమందిని నొక్కుతుందో ఆలోచించండి. అందుకే నేను ఏళ్ల సంఖ్య పెంచమని అడగడం లేదు, ఆ సంఖ్యకు రాసే కారణాల్లో బిడ్డ కనిపించాలని అడుగుతున్నాను.

అలాగే సందేహం మిగిలిన చోట శిక్ష తగ్గించి సర్దుకోవడం కూడా వద్దు. భార్యాభర్తల గొడవల్లో, పిల్లల సంరక్షణ కోసం నడిచే వ్యాజ్యాల్లో తప్పుడు ఆరోపణలు రావని నేను అనను. ఆ సందేహం సమంజసమైనదైతే ముద్దాయిని విడిచిపెట్టండి. దోషి అని తేల్చాక, మనసులో మిగిలిన అనుమానానికి నాలుగేళ్లు మినహాయించడం ముద్దాయికీ న్యాయం కాదు, బిడ్డకూ న్యాయం కాదు.

చివరగా ఇంటి సంగతి. నేరం చేసినవాడు అదే ఇంట్లో ఉంటాడనుకుంటే పోలీసులు బిడ్డను బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. మంచి నియమమే. కానీ తరువాత జరిగేది, బిడ్డ హోముకు వెళుతుంది, బెయిలు వచ్చినవాడు ఇంటికి వెళతాడు. తన మంచం, తన పుస్తకాలు, తన బడి, తన స్నేహితులు అన్నీ వదులుకున్నది ఆమె. శిక్ష పడిన తరువాత కూడా పెరోల్‌కో ఫర్లోకో దరఖాస్తు పెట్టుకునేటప్పుడు అతను ఇచ్చే చిరునామా అదే ఇల్లు. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం, 2005, లైంగిక హింసను కూడా గృహహింసగానే పరిగణిస్తుంది. దాని 26వ సెక్షను ప్రకారం, ఆ చట్టం కింద దొరికే రక్షణ ఉత్తర్వులను, నివాస ఉత్తర్వులను బాధితురాలికి సంబంధించిన క్రిమినల్ విచారణలోనూ కోరవచ్చు. ఆడపిల్ల బాధితురాలైన ప్రతి కేసులోనూ శిక్షతో పాటు, ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెదని, అతను విడుదలైనా సెలవు మీద బయటికొచ్చినా ఆమె ఉన్న ఇంటికీ బడికీ రాకూడదని ఒక ఉత్తర్వు ఉండాలి. ఆ దరఖాస్తు మేము పెడతాం, మీరు పరిశీలనకు తీసుకోండి. మగపిల్లల విషయంలో ఈ చట్టం అంత సూటిగా దారి ఇవ్వదు. అక్కడ బాలల సంక్షేమ సమితికి మీ తీర్పు ప్రతిని పంపి, విడుదలకు ముందు వారికి సమాచారం ఇవ్వాలని జైలు అధికారులకు రాయడమే ప్రస్తుతానికి చేయగలిగింది.

ఒక చిన్న కోరికతో ముగిస్తాను. తీర్పు వెలువడే రోజు బిడ్డ సాధారణంగా కోర్టులో ఉండదు, ఉండకపోవడమే మంచిది. సాయంత్రం నేను వెళ్లి చెబుతాను. ఎన్నేళ్లు పడిందని ఆమె మొదట అడగదు. జడ్జిగారు ఏమన్నారక్కా, నేను చెప్పింది నమ్మారా అని అడుగుతుంది. మీ తీర్పు ఇంగ్లీషులో 40 పేజీలు ఉంటుంది, నేను అందులో వెతుక్కోవాలి. శిక్ష ఖరారు ఉత్తర్వులో ఆ బిడ్డ గురించి రాసిన భాగాన్ని తెలుగులో, పదేళ్ల పిల్లకు అర్థమయ్యే నాలుగైదు వాక్యాల్లో, పేరూ ఊరూ లేకుండా వేరే కాగితం మీద ఇప్పించండి. నేను తీసుకెళ్లి చదివి వినిపిస్తాను.

ఇట్లు,
భవదీయురాలు,
పిల్లల వెంట మీ న్యాయస్థానానికి వచ్చే ఒక సహాయకురాలు